దొర దిబ్బ మీద మూలుగు

దుగరాజపట్నం దాటి కాలవ గట్టు వెంబడి పోతే సర్వి తోపు వస్తుంది. ఆ తోపు నడుమ దొర దిబ్బ. దీపాలు పెట్టే వేళ దాటితే అటుపక్క కుక్క కూడా పోదనేవాళ్ళు.

మద్రాసు పుట్టకముందే ఇంగ్లీషోళ్ళు ఈ తీరాన కోట కట్టుకున్నారంట. కోట పోయింది... దొరలు పోయినారు... దిబ్బ మీద నాలుగు సమాధులు మిగిలినాయి. వాటిలో పెద్ద రాతిపలక కింద ఒక దొర ఉండాడని ఊరంతా నమ్మకం. విరేచనాలు పట్టుకొని చచ్చినాడంట. అందుకే చీకటి పడితే లేచి కూర్చొని 'వాటర్... వాటర్...' అని మూలుగుతాడంట.

అరవైల మొదట్లో మద్రాసు నుంచి పడవల్లో షికారుకి వచ్చేవాళ్ళు. టోపీలు, కెమెరాలు, టిఫిన్ క్యారియర్లు. ఆ పలక మీదనే కూర్చొని పులిహోర తిని, ఫోటోలు దిగి, పొద్దు వాలకముందే పడవెక్కేవాళ్ళు. పగలు దొర ఎవర్నీ ఏమీ అనలేదు.

ఎలిశబెతమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. మిషను ఆసుపత్రిలో పని నేర్చిన మనిషి. ఈ సంగతి నాకు చెప్పింది ఆమే.

ఒక సాయంత్రం తోపు అవతలి పల్లె నుంచి పోలేరయ్య అనే జాలరి రొప్పుతా వచ్చి ఆమె గుమ్మంలో కూలబడినాడు. పెళ్ళాం కామాక్షమ్మకి తొలి కాన్పు. నొప్పులు నిన్నటి నుంచి. బిడ్డ దిగడం లేదు.

ఎలిశబెతమ్మ సంచీ, లాంతరు తీసుకొని బయల్దేరింది. తోపు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. పోలేరయ్య నిలబడిపోయినాడు. తుఫాన్లో పడవ నడిపే మనిషి... అడుగు ముందుకి వెయ్యనన్నాడు. ఉప్పు కొటార్ల మీదుగా చుట్టు తిరిగి పోదామన్నాడు. అటు పోతే అర్ధరాత్రవుతుంది, నీ పెళ్ళానికి అంత టైం లేదని చెప్పి ఆమె తోపులోకి దిగింది. పోలేరయ్య ఆమె వెనకాల, ఆమె కొంగంత దూరంలో.

గాలికి సర్వి చెట్లు ఈల వేస్తున్నాయి. ఇసకలో అడుగుల చప్పుడు కూడా లేదు.

అప్పుడు వినపడింది —

దిబ్బ మీద నుంచి... సన్నగా... ఒక మూలుగు.

పోలేరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "లేచినాడు," అన్నాడు గొంతులోనే.

పెద్ద పలక మీద ఏదో తెల్లగా కదిలింది. మళ్ళీ మూలుగు. ఈసారి మాట కూడా.

"నీళ్ళు... నీళ్ళు..."

ఎలిశబెతమ్మకి గుండె ఝల్లుమంది. ఆ మాట నాతో దాచుకోకుండా చెప్పింది. కానీ మరుక్షణమే ఇంకోటి తోచింది.

"మీ దొరకి తెలుగు ఎప్పుడొచ్చిందయ్యా, పోలేరయ్యా?"

అని లాంతరు ఎత్తి పట్టుకొని దిబ్బ ఎక్కింది.

పలక మీద ఉంది కామాక్షమ్మ.

పోలేరయ్య బయల్దేరినాక నొప్పులు ఎక్కువైనాయి. మంత్రసాని వచ్చేదాకా ఆగలేమని నలుగురు మగవాళ్ళు ఆమెను మంచంతో ఎత్తుకొని ఎదురొచ్చినారు. మగవాళ్ళ ముందర అరవడానికి సిగ్గేసి ఆ పిల్ల దారంతా కొంగు నోట్లో కుక్కుకుంది. సరిగ్గా దిబ్బ దగ్గర కొంగు జారింది, మూలుగు బయటికొచ్చింది. అది దొర మూలుగనుకొని నలుగురూ మంచం వదిలేసి ఊరివైపు పరుగు. వెంట వచ్చిన అత్త వాళ్ళకంటే ముందు పరిగెత్తిందంట. కుక్కిమంచం కోడు విరిగింది. ఆ పిల్ల ఇసకలో పడుకోలేక పాక్కుంటా పోయి రాతి మీద చేరింది.

మొగుణ్ణి చూడగానే ఆమె ఏడవలేదు. నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టే ఓపిక ఉందంటే భయం లేదని మంత్రసానికి ధైర్యం వచ్చింది. పోలేరయ్యకి లాంతరిచ్చి, అటు తిరిగి పట్టుకోమంది. అతను కళ్ళు మూసుకొని, గుర్తొచ్చిన దేవుళ్ళనందర్నీ పిలుస్తా నిలబడినాడు. చానాసేపటికి వెనకాల కెవ్వుమనే ఏడుపు వినిపించింది. లాంతరు పడేసినాడు. అదృష్టం, ఆరిపోలేదు.

ఆడపిల్ల.

చీకట్లో తల్లీబిడ్డల్ని కదిలించే దారి లేదు. ఎండాకు మంట వేసుకొని తెల్లారేదాకా అక్కడే ఉండిపోయినారు. దొర లేవలేదు.

పొద్దున్నే ఎలిశబెతమ్మ కాలవ నీళ్ళు తెచ్చి పలకమీది నెత్తురు కడిగింది. కడిగేకొద్దీ నాచు వూడి, లోతుగా చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడినాయి. కూడబలుక్కుంటా చదివింది. చదివి, ఆ తడి రాతి మీద చెయ్యి పెట్టి అట్లనే ఉండిపోయింది.

ఏం రాసుందని కామాక్షమ్మ అడిగింది.

కింద ఉండేది దొర కాదని చెప్పింది ఎలిశబెతమ్మ. ఆడపిల్ల. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. కాన్పులో పోయింది. బిడ్డనీ పక్కనే పెట్టినారు.

కామాక్షమ్మ చంటిదాన్ని గుండెలకి అదుముకుంది.

"ఆ తల్లి పేరేందక్కా?"

"అన్నా అని రాసుంది."

"ఆడమనిషిని పట్టుకొని అన్నా అనేదేంది, పాపం," అంది కామాక్షమ్మ. బిడ్డ మొహం మీద ఇసక తుడిచింది. "అమ్మ తగిలించి దీనికి పెడదాం. అన్నమ్మా... మే, అన్నమ్మా..."

బిడ్డ కళ్ళు తెరిచింది.