టేపు చుట్టుకునేదాకా

“ఈ టేపు డ్రైవు చచ్చిపొయ్యింది,” అని తేల్చేశాడు భరణి.

“చావలేదు సార్. చుట్టుకుంటా ఉండాది. చెవి పెట్టి వినండి,” అంది సుమిత.

తొంభై ఆరులో, తమిళనాడు గుడియాత్తంలోని ఒక లుంగీల కంపెనీ ఆఫీసులో జరిగిన మాట ఇది. సుమిత అక్కడ కంప్యూటర్ ఆపరేటర్, ఆ ఊరి పిల్లే. భరణి చిత్తూరులో తెలుగు మీడియం చదివి, వేలూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కంపెనీ లెక్కలు టేపు మీద దాచే పాత టేపు డ్రైవును కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాయడానికి రోజూ బస్సులో వచ్చేవాడు. తన తెలివి మీద అతనికి నమ్మకం కాస్త ఎక్కువే.

అతను రాసిన డ్రైవర్ అన్ని పరికరాలకూ పది సెకన్ల గడువే ఇచ్చేది. హార్డ్‌డిస్కుకు అది చాలు. టేపు మొదటికి చుట్టుకోవాలంటే మూడు నిమిషాలు కావాలి. పది సెకన్లలో జవాబు రాకపోతే, చచ్చిందనుకుని డ్రైవర్ దాన్ని రీసెట్ చేసేది. టేపు పాపం మళ్లీ మొదలెట్టేది.

“సగంలో కదిలిస్తే అదెట్లా జవాబు చెప్తాది సార్? దాని గడువు దానికి ఇయ్యండి.”

భరణి టేపుకు విడిగా నాలుగు నిమిషాల గడువు రాశాడు. పని చేసింది. భరణి సిగ్గుపడ్డాడు, అదే పూట ప్రేమలోనూ పడ్డాడు.

కొన్నాళ్లకు ఆమె టిఫిన్ బాక్సు కింద ఒక ఉత్తరం పెట్టాడు. నిండుగా ఒక పేజీ, మంచి తెలుగులో. తొమ్మిది రోజులు చూశాడు, జవాబు లేదు. టేపు విషయంలో నేర్చుకున్న బుద్ధి ఇక్కడ గుర్తుకు రాలేదు. బెంగళూరుకు బదిలీ అడిగేశాడు. గుడియాత్తంలో ఆఖరి సాయంత్రం ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు.

“ఆ లెటర్ తిరిగిచ్చేయండి సుమితా. మీకు ఇష్టం లేదని తెలిసిపొయ్యింది.”

“ఎవురు చెప్పినారు?” ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. సంచిలోంచి ఒకటో తరగతి తెలుగు వాచకం తీసింది. మధ్యలో ఉత్తరం ఉంది. “మేము తెలుగు మాట్లాడతాము గానీ చదవను రాదు సార్. ఇస్కూల్లో అంతా తమిళమే. ఇంట్లో తెలుగు చదవను వచ్చేది మా తాతకు ఒకడికే. ఆయన చేత చదివించమంటారా?”

భరణి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “యాడిదాకా వచ్చినారు?”

“పదకొండో లైను. నాలుగు దినాలు అఆలకే పొయ్యింది. ఈ ఒత్తులు ప్రాణం తీస్తా ఉండాయి. ఇంత పొడుగ్గా ఎందుకు రాసినారు?”

“ఇట్లా ఇయ్యండి, నేను చదివి చెప్తా.”

“ముట్టుకోవద్దు. పూర్తిగా చదవకుండా జవాబెట్లా చెప్పేది?”

నాలుగున్నర బస్సు వెళ్లిపోయింది. ఐదు గంటలది కూడా. ఆమె వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. భరణికి ప్రతి ఒత్తూ నాలిక చివరిదాకా వచ్చింది. అయినా ఒక్క అక్షరం అందించలేదు.

ఆఖరి లైన్లో వేలు ఆగింది. “పె... ళ్లి... చే... సు...”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ లైను మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఆగకుండా, లోలోపలే చదువుకుంది.

“చేసుకుంటాను,” అంది. “బెంగళూరు బదిలీ కాగితం?”

“చించేస్తా.”

“సరి. ఆదివారం మీ అమ్మను పిలుచుకొని రాండి. మా తాతకు మాత్రం ఈ జాబు చూపించొద్దు. ఏడో లైన్లో నా జడ గురించి ఏందేందో రాసినారు.”