ఎనిమిదింటికి మెయిన్‌రోడ్డు మీద

"ఏవండీ, ఆయన్ని ఎందుకలా చంపుతున్నారు?"

పొద్దున ఎనిమిదింటికి, బస్టాపు పక్కన, నలుగురూ వింటుండగా ఒక అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది.

ఇంకెవరినో అంటోందేమోనని వెనక్కి చూశాను. వెనక బస్సు తప్ప ఎవరూ లేరు. అది కూడా అప్పుడే కదిలి మా ముఖాన నల్లటి పొగ కొట్టి పోయింది. నా పక్కన నడుస్తున్న నాన్న రెండుసార్లు దగ్గారు.

"చూశారా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. మూడు నెలల క్రితం నాన్నకి గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. అమ్మ లేదు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అప్పటి నుంచి ఉప్పు డబ్బా అటకెక్కించాను, మాత్రలు టైముకి మింగిస్తున్నాను, రోజూ అరగంట నడిపిస్తున్నాను. నాన్నని నా అంత బాగా చూసుకునేవాడు లేడని లోలోపల కాలరెగరేస్తున్న మనిషిని. అలాంటి నన్ను పట్టుకుని అంత మాటా?

"డాక్టరు గారు నడవమన్నారండీ," అన్నాను పళ్ళు బిగించి.

"నడవమన్నారు సరే. బస్సు వెనక నడవమన్నారా?"

నాన్న కిసుక్కున నవ్వారు. సొంత తండ్రి!

ఆమె రోడ్డు పక్కన ఇనప మెట్ల మీద నిలబడి ఉంది. ఎదురుగా తలుపు తీసిన పెట్టె. గాలిలో దుమ్ము, పొగ ఎంతున్నాయో కొలిచే పెట్టె అది. అందులో తెల్ల కాగితం పెట్టి మర్నాడు మార్చడం ఆమె ఉద్యోగం. అప్పుడే తీసిన కాగితం నా ముందు పట్టింది. పెనం అడుగులా ఉంది.

"నిన్న ఈ టైముకి తెల్లగా ఉందండీ ఇది. మీరేం చేస్తుంటారు?"

"ఏసీ మెకానిక్‌ని."

"ఫిల్టర్లు కడుగుతారుగా. ఆ నీళ్ళు ఏ రంగులో ఉంటాయి?"

నా కళ్ళు మళ్ళీ ఆ కాగితం మీదికే పోయాయి.

"ఏసీకైతే కడగడానికి మీరున్నారు. అంకుల్ పీల్చే ఈ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పోతుంది. అసలే దెబ్బతిన్న గుండె. వెనక వీధిలో చెట్లున్నాయి, బళ్ళు తక్కువ. ఆరింటికే అక్కడ నడిపించండి. ఈ రద్దీ టైములో రోడ్డు వైపు కిటికీలు మూసి ఉంచండి."

ఏళ్ళ తరబడి ఫిల్టర్లు కడుగుతున్నా నాకు తట్టని సంగతి అది. తప్పు నాదే కాబట్టి కోపం ఇంకా పెరిగింది. ముక్కు మీద మసి మరకతో కూడా ఆమె బాగుండడం మరీ అన్యాయంగా తోచింది.

మర్నాడు ఆరింటికి నాన్నని లేపాను.

"మోకాళ్ళు పట్టేశాయిరా. ఎనిమిదింటికి పోదాం."

"సరే, వెనక వీధికే పోదాం."

"అక్కడ కుక్కలున్నాయి."

ఉన్నది ఒక్కటే కుక్క. దానికి రోజూ బిస్కెట్లు వేసేది ఈయనే. అయినా నేను వాదించలేదు.

"మళ్ళీ వచ్చారా?" అంది మెట్ల మీద అమ్మాయి.

"ఆయన వినడం లేదండీ."

"మీకు చెప్పడం రాదు. ఏసీలు కూడా ఇలాగే బాగుచేస్తారా?"

నాన్నకి మాస్కు తెచ్చిచ్చింది. ఆయన దాన్ని గడ్డం కిందికి లాగి ఆమెతో కబుర్లాడేవారు. నేనేమో ఇస్త్రీ చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు వాన కురిసింది. "ఇవాళ గాలి బాగుంది. మీకు తిట్లు లేవు, పొండి," అని నవ్వింది. తిట్టు పడకపోయేసరికి ఆ రోజంతా నాకు వెలితిగానే ఉంది.

పదకొండో రోజు ట్రాఫిక్ ఎటూ కదలలేదు. నాన్న ఉన్నట్టుండి ఆగి, ఛాతీ పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూలబడ్డారు.

ఆమె మెట్లు దిగలేదు, దూకింది. నాన్న నాలుక కింద మాత్ర పెట్టాను. ఆటో ఆపింది ఆమే, ఆసుపత్రి దాకా నాన్న చెయ్యి వదలనిదీ ఆమే.

"ఈసారికి గట్టెక్కారు," అన్నాడు డాక్టరు. "ఎక్కడ నడుస్తున్నారు?" చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

డాక్టరు వెళ్ళగానే ఆమె నాన్న మంచం పక్కన కూర్చుంది. కళ్ళలో నీళ్ళు. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా అంకుల్. ఆ రోడ్డు మీద ఏముందని?"

"నువ్వున్నావు కదమ్మా."

ఆమె తెల్లబోయింది.

"నాకు ఆపరేషనైనప్పటి నుంచి వీడు నవ్వు మర్చిపోయాడు. నా మాత్రలు, నా ఊపిరి, అదే లోకం. నువ్వు తిట్టిన రోజు ఇంటికొచ్చి అద్దం ముందు తనలో తనే నవ్వుకున్నాడు. వెనక వీధిలో నా గుండె బాగుంటుంది, కాదనను. మరి వీడి సంగతో?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"తప్పు ఆయనది కాదండీ. మోకాళ్ళు పట్టేశాయంటే అబద్ధమని నాకు తెలుసు. నమ్మినట్టు నటించాను. మీరంటే ఇష్టం. అది చెప్పే దమ్ము లేక మా నాన్నని రోజూ ఆ పొగలో నిలబెట్టాను. ఇక ఆ రోడ్డుకి రాము. మిమ్మల్ని మళ్ళీ చూడలేకపోయినా సరే, రాము."

ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"నా డ్యూటీ ఎనిమిదింటికి. ఆరింటికి నేనెక్కడుంటానో ఎప్పుడైనా అడిగారా?"

"ఎక్కడుంటారు?"

"నిద్రపోతుంటాను. ఇక లేవక తప్పేలా లేదు."

నాన్న కళ్ళు మూసుకునే, "వెనక వీధి మొదట్లో కలుసుకోండి. రేపే మొదలుపెట్టండి," అన్నారు.

"రేపా? మీకు వారం రోజులు విశ్రాంతి అన్నారు అంకుల్."

"విశ్రాంతి నాకమ్మా. మీరిద్దరూ నడవండి."