అవుతల ఏముంటది?

"ఒరేయ్, పిల్ల ఒక ప్రశ్న అడుగుతదట. దానికే ముగ్గురు పిలగాండ్లు పారిపోయిన్రు," అన్నాడు మా జంగయ్య మామ, పెళ్లిచూపులకు పోతూ మహబూబ్‌నగర్‌లో బస్సు మారుతుండగా.

"ఏం ప్రశ్న మామా? జీతమా?"

"జీతమైతే నేనే చెప్తుంటి. విశ్వం యాడ అయిపోతదని అడుగుతదట."

నేను జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో కెమిస్టుని. మాత్రలో ఎంత మందు ఉందో అడిగితే టక్కున చెప్తాను. విశ్వం మాత్రం ఎప్పుడూ నా టేబుల్ మీదికి రాలేదు. కానీ ఫోటోలో మనస్విని నవ్వు చూశాక వెనక్కి తిరిగే ఉద్దేశం నాకు లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆత్మకూర్ చేరేలోపు ఒక వీడియో మొత్తం కంఠతా పట్టేశాను. ఇంటర్వ్యూకి పోయేవాడు చదువుకునే పోతాడు కదా!

"ఏం వింటున్నవ్ రా కమలాకర్, దేవుని పాటలా?" అంది పక్క సీట్లో అమ్మ.

"దగ్గర దగ్గర అసొంటివే," అన్నాను.

చాయ్‌లు, పలకరింపులు అయ్యాక, "ఏమన్న మాట్లాడుకోండ్రి" అని పెద్దలు మమ్మల్ని డాబా మీదికి పంపారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తిమీద శ్రావణ మబ్బులు. మనస్విని ఆ ఊళ్లోనే ఒక స్కూల్లో ఫిజిక్స్ టీచరు. హోంవర్క్ చేయని పిల్లాడిని పట్టుకునే చూపుతోనే నన్నూ చూసింది. ఆ చూపు కూడా నాకు బాగానే ఉంది.

"నేనొకటి అడుగుత. ఏమనుకోవద్దు."

"అడుగుండ్రి."

"విశ్వం యాడన్న అయిపోతదా? అయిపోతే, అవుతల ఏముంటది?"

లోపల ఎగిరి గంతేశాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "విశ్వం వయసు సుమారు పదమూడు వందల ఎనభై కోట్ల సంవత్సరాలు. మనం చూడగలిగే హద్దు ఎటు చూసినా సుమారు నాలుగు వేల ఆరు వందల కోట్ల కాంతి సంవత్సరాలు. అయితే మిత్రులారా..."

"మిత్రులారా?"

నాలుక కరుచుకున్నాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"గా వీడియో నేను కూడా చూసిన. ఇగ సబ్‌స్క్రైబ్ చెయ్యమంటరా?"

నా చెవులు వేడెక్కాయి.

"ఆయనకు తెల్సింది ఆయన చెప్పిండు. మీకేమనిపిస్తది?"

"అంటే... సైన్స్ ఏమంటదంటే..."

"సైన్స్ నేను పొద్దందాక చెప్తనే ఉంట. నేనడిగింది మీ సంగతి."

నాకేమీ అనిపించలేదు. అనిపించనిదాన్ని ఏమని చెప్పను? కింద నుంచి పిలిచారు. మెట్లు దిగాం.

ఆ వారంలోనే మామ ఫోన్ చేశాడు. "పిల్లకు పసంద్ కాలేదట రా. ఫికర్ చెయ్యకు, దేవరకద్రల ఇంకో సంబంధం ఉంది."

దేవరకద్రలో నాకేం పని? నాకు మనస్విని కావాలి. ఆమె వద్దంది సరే, ఆమె ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ల్యాబ్‌లో మాత్రలు తూస్తుంటే అదే ఆలోచన. ఎక్కడో ఒక గోడ ఉందనుకుందాం. గోడకు అవతలి పక్క ఉండాలి కదా? సరే, గోడ లేదనుకుందాం. అయితే ఇట్లా పోతూనే ఉంటుందా? ఎంతసేపు? ఎక్కడికి? ఒక్కసారిగా కాళ్ల కింద నేల జారినట్టయి టేబుల్ పట్టుకున్నాను.

"పొద్దున తిన్నవా?" అని మా సూపర్‌వైజర్ అడిగాడు. "దవాఖానకు పోదాం పా" అని ఇంట్లో అమ్మ పట్టుబట్టింది.

శనివారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆత్మకూర్ బస్సెక్కాను. వద్దన్న పిల్ల ఊరికి మళ్లీ పోయేవాడికి మా దిక్కు మర్యాద ఏమీ మిగలదు. అయినా పోయాను.

స్కూలు ఎదురుగా చాయ్ హోటల్, ముందు రేకుల పంచ. తుంపర మొదలైంది. బడి విడిచాక గొడుగేసుకుని బయటికి వచ్చిన మనస్విని నన్ను చూసి ఆగిపోయింది.

"మీరా? వద్దని చెప్పి పంపినం గదా!"

"విన్న. జవాబు చెప్పనీకి రాలే. ఒకటి అడగనీకి వచ్చిన."

"ఏంది?"

"విశ్వం పెరుగుతాంది అంటరు గదా. దేంట్లకు పెరుగుతాంది? జాగా ఉంటెనే గదా పెరిగేది?"

ఆమె గొడుగు మూసి పంచ కిందికి వచ్చింది. "మీ వీడియోల చెప్పలేదా?"

"చూడలే. చూస్తే నా ఆలోచన పోయి వాళ్లది వస్తదేమోనని చూడలే. నిజం చెప్పాల్నంటే భయమైతాంది. మొన్న పనిల కండ్లు తిరిగినయి."

ఆమె గట్టిగా నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"నాక్కూడా భయమేనండి," అంది మెల్లగా. "ఆరో తరగతి నుంచి ఉంది. ఎవరికి చెప్పినా నవ్వుతరు. వచ్చినోళ్లల్ల ఒకాయన ఫోన్ తీసి చూసి చెప్పిండు. ఇంకొకాయన పెండ్లైతే ఇసొంటివి మర్చిపోతవన్నడు. భయమైతాందని ఒక్కరన్న అనలే. నాకు జవాబు ఎందుకు? నాతోని కలిసి పరేషాన్ అయ్యేటోడు కావాలె."

"నేనైత," అన్నాను. "జిందగీ మొత్తం అయితనే ఉంట. మీరంటే నాకు శాన ఇష్టం."

వాన పెద్దదైంది. ఇద్దరం రేకు మీద చప్పుడు వింటూ నిలబడ్డాం. హోటల్‌లో చాయ్ తాగేవాళ్లందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు అస్సలు సిగ్గనిపించలేదు.

అప్పుడే బైకు మీద తడుచుకుంటూ ఆమె తండ్రి వీరేశం గారు వచ్చారు. బిడ్డ కోసం వచ్చిన మనిషి నన్ను చూసి ముఖం చిట్లించారు.

"గీ పిలగాడు... మనం వద్దన్నోడు గదా?"

"గప్పుడు వద్దన్న బాపూ," అంది మనస్విని.

"గప్పుడు వద్దంటే? నోట్లకెల్లి మాట పోయింది బిడ్డా! వద్దని మనమే చెప్పి పంపినం. ఇగ ఏ మొఖం పెట్టుకొని మళ్ల రమ్మంటం? వాళ్లన్న ఎట్ల వస్తరు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మా మామ అసలే పట్టింపు మనిషి. ఒకసారి కాదన్న గడప మళ్లీ తొక్కడు.

"వాళ్లను రమ్మనవద్దు," అంది మనస్విని. "మనమే పోదాం. వాళ్లొచ్చి పిల్లను చూసిన్రు. నేను పిలగాన్ని సక్కగ చూడలే. చూసొస్త."

"పిలగాన్ని చూసుడేంది? యాడన్న ఉన్నదా?"

"లేకపోతే మనతోనే మొదలైతది బాపూ."

వీరేశం గారు బిడ్డను చూశారు, నన్ను చూశారు. "నువ్వు ముందు ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పు," అన్నారు. ఆ గొంతులో కోపం వెతికాను. దొరకలేదు.

ఆదివారం జడ్చర్లలో మా ఇల్లు అల్లకల్లోలమైంది. "ఇదేం రివాజురా!" అని జంగయ్య మామ తల పట్టుకున్నాడు. చాయ్ ప్లేటు ఎవరు పట్టుకోవాలో అమ్మకు అర్థం కాలేదు. చివరికి నేనే పట్టుకుని వెళ్లాను. అలవాటు లేని పని, సగం చాయ్ సాసర్లలో పడింది. మనస్విని కాలు మీద కాలేసుకుని కూర్చుని, తీరిగ్గా నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తలెత్తే ధైర్యం లేక నేలచూపులు చూశాను. పాపం ఆడపిల్లలు!

"పిలగాన్ని ఏమన్న అడుగుతవా బిడ్డా?" అన్నారు వీరేశం గారు.

ఆమె నోరు తెరిచేలోపే అమ్మ అడ్డు తగిలింది.

"ఆమె కాదు, నేనడుగుత. వీడు వారం సంది బువ్వ సరిగ తింటలేడు. అయిపోతే అవుతల ఏముంటది, అవుతల ఏముంటది అని ఒకటే సతాయిస్తున్నడు. నువ్వు సదువుకున్నదానివి గదా, జర నువ్వన్న చెప్పు తల్లీ!"

మనస్విని నిజంగా ఆలోచించింది. చేతిలో చాయ్ చల్లారిపోతున్నా ఆలోచించింది.

"నాకు కూడా తెల్వది అత్తమ్మా," అంది.

మామ నోట్లో మురుకు నమలడం ఆపేశాడు. తాను ఏమని పిలిచిందో అప్పుడు తెలిసొచ్చి మనస్విని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అమ్మ లేచి వెళ్లి ఆ చేతులు తీసి, బొట్టుపెట్టె కోసం నన్ను లోపలికి తరిమింది.