వాన పడ్డాకే సంతకం

"ఒక్క వాన పడనివ్వండి. అప్పుడు సంతకం పెడతాను," అందామె, పెన్నుకి మూత పెట్టి నా చేతికి ఇచ్చేస్తూ.

విన్నది నిజమేనా అనిపించింది నాకు. సముద్రం ఒడ్డున ఇరవై నాలుగు కొత్త ఇళ్ళు కట్టాం. ఇరవై మూడింటి తాళాలు నా చేతులతోనే ఇచ్చాను. తీసుకున్నవాళ్ళు రంగు బాలేదన్నారు, తలుపు కిర్రుమంటోందన్నారు, వంటగదిలో స్విచ్ ఎడమవైపు ఉంటే బాగుండేదన్నారు. వాన కావాలని మాత్రం ఎవరూ అడగలేదు.

"మేడమ్, ఇది ఎండాకాలం."

"తెలుసు. చెమట నాకూ పడుతోంది."

"వాన రావాలంటే రెండు నెలలు పట్టొచ్చు."

"పట్టనివ్వండి. నేనూ మా నాన్నా ఇప్పటికి తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. తొమ్మిదీ కారాయి. చేరేముందు తొమ్మిదిమందీ కారదనే చెప్పారు. ఇది మేం కొనుక్కుంటున్న ఇల్లు. ఇక్కడినుంచి ఇంకో చోటికి సామాను మోసే ఓపిక మా ఇద్దరికీ లేదు."

గొంతు పెంచకుండానే చెప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం ఆమెది. నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చిందట. కోపంగా ఉన్న మనిషితో వాదించొచ్చు. అలసిపోయిన మనిషితో ఏం వాదిస్తాం? పైగా నేనూ అలసిపోయే ఉన్నాను.

నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. ఈ కాలనీకి సైట్ ఇంజనీరుని. రెండేళ్ళుగా రేకుల షెడ్డులో కాపురం. ఉప్పుగాలికి నా బెల్టు బకిల్ కూడా తుప్పు పట్టింది. ఈ ఆఖరి ఇంటి అప్పగింత కాగితం మీద సంతకం పడితే హెడ్డాఫీసులో నాకో సీటు రెడీగా ఉంది. అక్కడ ఫ్యానుంటుంది, గిర్రున తిరిగే కుర్చీ ఉంటుంది, సిమెంటు దుమ్ముండదు. "నెలాఖరులోపు వచ్చెయ్, ఆ సీటు నీదే," అని మా సారు ఫోన్లో మాటిచ్చాడు. అంటే నాకూ, ఆ కుర్చీకీ మధ్య ఇప్పుడు ఒక్క వాన అడ్డం.

మర్నాడు నేనే వాన కురిపించాను. మోటారు వేసి, లావు పైపు పెట్టి, డాబా మీదా గోడల మీదా అరగంట నీళ్ళు కొట్టించాను. ఆమె ఎండకి గొడుగు వేసుకుని అంతా చూసింది.

"ఇది వాన కాదు."

"నీళ్ళే కదా మేడమ్."

"ఇక్కడి వాన పైనుంచి పడదు ఇంజనీరు గారూ, పక్కనుంచి వస్తుంది. సముద్రం మీద గాలి దాన్ని తోసుకొస్తుంది. గొడుగు వేసుకుంటే గొడుగు పొడిగా ఉంటుంది, మనం తడుస్తాం."

వెనకాల మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. నేను తిరిగి చూసేసరికి తాపీ పట్టుకుని ఎక్కడలేని పని చూపించాడు. ఆమెకి 'వాన మేడమ్' అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, డ్యూటీ దిగి వచ్చేది. కుళాయిలు తిప్పేది, తలుపులు మూసి తీసేది, నేల మీద టైల్సుని వేలితో కొట్టి చెవి పెట్టి వినేది. నేను వెనకాలే పుస్తకం పట్టుకుని తిరిగేవాణ్ణి.

"బోలుగా ఉందా?" అని అడిగాను ఓసారి.

"ఇది బానే ఉంది. మీరే బోలుగా ఉన్నారు. పొద్దున్న ఏమైనా తిన్నారా?"

తినలేదు. ఆ సంగతి ఎలా కనిపెట్టిందో నాకు తెలీదు. ఎక్స్‌రే వాళ్ళతో ఇదే చిక్కు.

ఒకరోజు స్నానాలగది నేల పరీక్ష పెట్టాం. నీళ్ళు పోయే కన్నం మూసేసి, నిండా నీళ్ళు పెట్టి, మట్టం తగ్గుతుందేమో చూడాలి. "ఓ గంట ఆగాలి మేడమ్," అన్నాను. పడకగదిలో కూర్చుంటానని వెళ్ళింది. కాసేపటికి నేను వెళ్ళి చూస్తే, గోడకి చేరగిలబడి నిద్రపోతోంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో ఉంది. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది ఊడి పక్కన పడి ఉంది.

పక్కింట్లో డ్రిల్లింగ్ చేస్తున్న మేస్త్రీ దగ్గరికి వెళ్ళి ఆపమన్నాను.

"కరెంటు పోయిందా సారూ?"

"లేదు. ఊరికే ఆపు."

ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, బీడీ తీసుకుని బయటికి పోయాడు. నేను ఎదుటి గోడకి ఆనుకుని కూర్చున్నాను. నా గుండెలో ఏదో మొదలైంది, దాన్ని ఇంకో పేరుతో పిలిచి లాభం లేదు. ఆ మనిషి నాకు నచ్చింది. రెండేళ్ళలో మొదటిసారి, ఇక్కడినుంచి ఎప్పుడు పోతానా అని అనుకోకుండా కాసేపు గడిపాను.

ఆమె కళ్ళు తెరిచి గడియారం చూసుకుంది.

"రెండున్నర గంటలా? నీళ్ళు తగ్గాయా?"

"చూడలేదు."

"మరి ఇంతసేపూ ఏం చూశారు?"

"గోడ," అన్నాను.

"గోడ బాగుందా?"

"బాగుంది."

ఊడిన చెప్పు వేసుకుని, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది. నా చెవులు సాయంత్రం దాకా వేడిగానే ఉన్నాయి.

అసలు బాధ ఆ రోజునుంచే మొదలైంది. ఎందుకంటే ఆ ఇల్లు కారుతుంది. నాకు తెలుసు.

పడకగదికి సముద్రం వైపు ఒక కిటికీ ఉంది. కిటికీ కింది బండకి వాటం ఎప్పుడూ బయటికి ఉండాలి, పడ్డ నీళ్ళు బయటికే జారిపోవాలి. మిగతా ఇరవై మూడు ఇళ్ళలో నేను పక్కన నిలబడి పెట్టించాను. ఇరవై నాలుగో ఇంటికొచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. ఆ రోజు నేను వచ్చేసరికి బండ అతికించేశారు. వాటం కొంచెం లోపలికి ఉంది. చూశాను. పగలగొట్టించాలి. 'పోనీలే, ఆఖరి ఇల్లు' అనుకుని షెడ్డుకి పోయి పడుకున్నాను. పైపుతో నీళ్ళు కొట్టించిన రోజు కూడా అన్ని గోడలూ తడిపించి, ఆ కిటికీ దగ్గరికి రాగానే మోటారు ఆపించాను.

ముందు సంతకం కోసం వాన రావాలనుకునేవాణ్ణి. ఇప్పుడు మబ్బు పడితే చాలు, వెళ్ళి ఆ కిటికీ చూసొచ్చేవాణ్ణి.

నెలాఖరుకి వారం ముందు ఆమె తండ్రితో వచ్చింది. పెద్దాయన పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడట, మోకాళ్ళ నొప్పులు. గదులన్నీ నెమ్మదిగా తిరిగి, ఆ కిటికీ దగ్గరే ఆగాడు.

"సముద్రం బాగా కనబడుతోందమ్మా. నా మంచం ఇక్కడే వేద్దాం. సంతకం పెట్టెయ్ తల్లీ, వాన ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది. మనమెంత కాలమని ఎదురుచూస్తాం?"

ఆమె కిటికీ వంక చూసింది, నా వంక చూసింది. చెయ్యి చాపితే పెన్ను ఇచ్చాను.

"సరే, వాన వద్దు. మీరు చెప్పండి," అంది. "కారదని మీరంటే పెట్టేస్తాను."

నెలరోజులుగా నేను కోరుకున్నది అదే. ఒక్క ముక్క చాలు. ఫ్యాను, తిరిగే కుర్చీ, అన్నీ కళ్ళముందు మెదిలాయి. పెద్దాయన మంచం కూడా కనబడింది, దాని పక్కన బకెట్.

"కారుతుంది," అన్నాను. "ఈ కిటికీ దగ్గరే. తప్పు నాది. తెలిసే వదిలేశాను."

అంతా చెప్పాను. ఆమె అడ్డురాకుండా విని, పెన్నుకి మూత పెట్టింది.

"పదండి నాన్నా."

వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

సారుకి ఫోన్ చేశాను. కిటికీ మొత్తం ఊడదీసి మళ్ళీ పెట్టాలన్నాను.

"పిచ్చా నీకు? అంచుకి సీలెంట్ పూసి సంతకం తీసుకో. రెండు వారాలు ఆగితే ఆ సీటు ఇంకొకడికి పోతుంది."

"పోనీండి సార్," అన్నాను. నిజంగానే పోయింది.

మేస్త్రీ సుత్తి అందుకుంటూ నిట్టూర్చాడు. "ఆ రోజే చెప్పుంటే అరగంట పని సారూ."

"ఆ రోజు నాకు అరగంట ఓపిక కూడా లేదు మేస్త్రీ."

కిటికీ తీశాం, బండ పగలగొట్టాం, బయటికి వాటం పెట్టి మళ్ళీ అతికించాం. ఈసారి పైపు తిన్నగా దాని మీదే పెట్టి కొట్టాను. పని అయిపోయిందని ఆమెకి మెసేజ్ పెట్టాను. చూసినట్టు టిక్కు పడింది, జవాబు లేదు. మూడు వారాలు గడిచాయి. నైట్ డ్యూటీలు దిగే వేళకి రోజూ గేటు దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఓ మధ్యాహ్నం సముద్రం మీద మబ్బు నల్లగా లేచింది. గాలి ఒక్క విసురు విసిరింది, వెనకే వాన. ఆమె చెప్పినట్టే పక్కనుంచి వచ్చింది. నా షెడ్డు నాలుగు చోట్ల కారుతుంటే దాన్ని అలాగే వదిలేసి, సంతకం కాగితం ఒక్కటీ తడవకుండా కవర్లో పెట్టుకుని ఇరవై నాలుగో ఇంటికి పరిగెత్తాను.

గేటు దగ్గర ఆమె ఉంది. గొడుగు తిరగబడిపోయింది, తలనుంచి కాళ్ళ దాకా తడిసిపోయింది. చేతిలో ఒక బకెట్.

"బకెట్ ఎందుకు?"

"అలవాటు. తలుపు తియ్యండి."

పడకగదిలో కిటికీకి ఎదురుగా నేల మీద కూర్చున్నాం, మధ్యలో బకెట్ పెట్టుకుని. వాన అద్దాన్ని బాదేస్తోంది. పావుగంట ఇద్దరం ఆ కింది బండనే చూశాం. ఉన్నట్టుండి నేల మీద టప్పున ఒక చుక్క పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె పైకప్పు చూసింది, కిటికీ చూసింది, తర్వాత తన జడ కొస చేత్తో పట్టుకుని పిండింది.

"ఇదీ," అంది. చాలా రోజులకి ఇద్దరం నవ్వాం.

"మీరు ఇక రారనుకున్నాను."

"కోపం తగ్గలేదు, అందుకే రాలేదు. పైపు కొట్టించిన రోజే నాకు అనుమానం వచ్చింది. నొప్పి ఉన్నచోట పేషెంట్లు చెయ్యి వెయ్యనివ్వరు. మీరు ఈ కిటికీ మీద నీళ్ళు పడనివ్వలేదు."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"మీరే చెబుతారని చూశాను. చాలా ఆలస్యంగా చెప్పారు." బకెట్ పక్కకి జరిపి అంది, "చెప్పారు కదా, సరే. ఇంకో గంట ఆగి చూద్దాం. కళ్ళు మూతలు పడుతున్నాయి మీకు, ఆనుకుని కూర్చోండి."

గోడకి ఆనుకున్నానంతే. తర్వాత ఏమైందో తెలీదు.

మెలకువ వచ్చేసరికి వాన సన్నబడింది. కిటికీ పక్కన కుర్చీలో పెద్దాయన కూర్చుని సముద్రం చూస్తున్నాడు. ఫ్లాస్కు పక్కనే ఉంది. నేల పొడిగా ఉంది.

"రెండు గంటలైంది బాబూ నువ్వు పడుకుని. మా అమ్మాయి ఫోన్ చేస్తే టీ పట్టుకుని వచ్చాను, నిన్ను లేపొద్దని ఆర్డరు. మేస్త్రీని కూడా చప్పుడు చెయ్యొద్దని పంపించేసింది," అని నా పక్కనున్న కాగితం చూపించాడు.

కాగితం కింద సంతకం ఉంది. దానిపైన 'ఇంకా సరిచేయవలసినవి' అనే గడి ఉంటుంది. అందులో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'కిటికీ బాగుంది. ఆ రోజు గోడ చూశానని ఇంజనీరు గారు చెప్పారు. అబద్ధం. సరిచెయ్యాలి.'

పెద్దాయన నా వైపు తిరగకుండానే, "వరండాలో ఉంది," అన్నాడు.

ఆమె మెట్ల మీద కూర్చుని జడ ఆరబెట్టుకుంటోంది. కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"నేను గోడ చూడలేదు. రెండున్నర గంటలూ మిమ్మల్నే చూశాను. మీరంటే నాకు చాలా ఇష్టం. వాన రాకూడదని కోరుకున్నాను. కిటికీ కోసమే కాదు, వానొస్తే సంతకం పెట్టేసి మీరు మళ్ళీ రారని."

ఆమె చెయ్యి చాపింది. కాగితం తీసుకుని మోకాలి మీద పెట్టుకుని, ఆ చివరి మూడు వాక్యాలూ కొట్టేసింది. పక్కన 'సరిచేశారు' అని రాసి ఆ రోజు తేదీ వేసింది. తర్వాత పక్కకి జరిగి, మెట్టు మీద నాకు చోటిచ్చింది.