రాస్మస్ అనని మాట

ఆ ఏడాది నవంబరులో పొద్దు త్వరగా గుంకేది. మసక వెలుతురులో కూడా సాధన ఆగకూడదని మా కాలేజీ కోచ్ డ్రమండ్ బంతికి తెల్లరంగు పూయించాడు. నదికీ ఉక్కు ఫ్యాక్టరీకీ మధ్య ఉండేది మా మైదానం. ఫ్యాక్టరీ పొగ, నది మంచు కలిసి గడ్డి మీద పరుచుకునేవి. తడిసిన మా ఉన్నిబట్టల వాసన. ఆ మసకలో తెల్లబంతి ఒక్కటే స్పష్టంగా కనిపించేది.

మాది అమెరికా తరహా ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకుని గెలుపు గీత దాటించాలి. దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాడి లాగుకు నడుం దగ్గర రెండు తోలు పిడులు కుట్టి ఉండేవి. అవతలివాళ్లు మీదపడి అణిచేసినా, మేం ఆ పిడులు పట్టుకుని వాణ్ని ముందుకు ఈడ్చేవాళ్లం. పరిగెత్తేవాడు తన నోటితో ‘పడ్డాను’ అంటేనే ఆట ఆగుతుంది. నియమం అది.

అక్టోబరు మ్యాచ్‌లో రాస్మస్ హోల్ట్ ఆ మాట అనలేదు. అనలేదు కాబట్టి మావాళ్లు ఈడుస్తూనే పోయారు. మీదపడ్డవాళ్ల కుప్పలోంచి బయటికి తీసేసరికి అతని మెడ విరిగి ఉంది. వాళ్లమ్మ కోరిక మీద ఆట లాగుతోనే పాతిపెట్టారు. ఆ పిడులు ఆమె నీలం దారంతో తన చేత్తో కుట్టినవి. మట్టి ఆరకముందే ఇంకో మ్యాచ్ ఆడారు.

తండ్రుల్ని కొలిమి తింటోంది, కొడుకుల్ని మైదానం తింటోంది. చప్పట్లు కొట్టిన ప్రతి చేతికీ నెత్తురు అంటింది. భోజనశాల ముందు పెట్టె ఎక్కి ఈ మాటే అరిచాను. సగంమంది ఔనన్నారు. మిగతావాళ్లు సూపు చల్లారిపోతుందని లోపలికి పోయారు.

రాస్మస్ స్థానం నా గదిలో ఉండే ఎమెట్‌కి ఇచ్చారు. వాడు బక్కపలచనివాడు.

“ఒప్పుకోకురా, చంపేస్తారు,” అన్నాను.

“నేను కాకపోతే ఇంకొకణ్ని నిలబెడతారు, ఆల్వా. నువ్వే నా పిడి పట్టుకో. పడ్డానంటే ఆపేస్తావుగా?”

మాటిచ్చాను. అందుకే మ్యాచ్ ముందురోజు సాయంత్రం సాధనకి నేనూ మైదానంలోకి దిగాను.

“ఉపన్యాసం అయిందా, నాయకా?” అన్నాడు కుడి పిడి పట్టే ఓడెల్. “ఎడమ పిడి నీది. ముందు వీణ్ని లాగు, విప్లవాన్ని తర్వాత లాగుదువుగాని.”

ఎమెట్ కూడా నవ్వాడు.

ఈల మోగింది. తెల్లబంతి కదిలింది. మంచులోకి చెయ్యి చాచి పిడి అందుకున్నాను. పరిగెత్తాం. ఎదుటివాళ్లు మీదపడ్డారు. మోచేతులు, మోకాళ్లు, బురద... అంతా ఒకటే కుప్ప. నేను ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించాను.

రాలేదు.

“ఎమెట్... అనరా,” అని గొణిగాను.

కింద ఊపిరి చప్పుడు లేదు. తడిమట్టి జారుతున్న చప్పుడు.

“అనలేదుగా, ఈడ్చండి,” అన్నాడు కోచ్.

నేను లాగడం మానేశాను. అయినా ముందుకే పోతున్నాను. అప్పుడు అర్థమైంది... పిడే నన్ను ఈడుస్తోంది. అప్పుడే తవ్విన బంకమట్టి వాసన గుప్పుమంది.

“ఆల్వా.”

ఆ గొంతు నా వెనకనుంచి వచ్చింది.

బయలుదేరిన చోటే ఎమెట్ నిలబడి ఉన్నాడు. చంకలో తెల్లబంతి. నడుం దగ్గర రెండు పిడులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

“మొదటి అడుగులోనే జారాను,” అన్నాడు. “పడ్డానని అరిచాను కూడా. మీరెవరూ ఆగలేదు.”

కుప్పలోంచి ఒక్కొక్కరే లేచారు. అందరికంటే అడుగున ఉన్న ఓడెల్ లేచాక, అతని కింద ఎవరూ లేరు. గడ్డి మాత్రం మనిషి పొడవున నలిగి ఉంది.

నా గుప్పిట్లో ఒక తోలు పిడి. దాని అంచున నీలం దారం.

ఎమెట్ బంతిని నేలమీద పెట్టాడు. “రేపు నేను ఆడను, సార్.”

కోచ్ వాడివైపు చూడనేలేదు. ఆ దారాన్నే చూస్తున్నాడు.

“ఎవరో ఒకరు ఆ మాట అనెయ్యండ్రా,” అన్నాడు ఓడెల్ సన్నగా.

“పడ్డాను,” అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను.

“లాభం లేదు,” అన్నాడు కోచ్. “పరిగెత్తేవాడే అనాలి.”

పిడి బిగిసింది. నా కాళ్లు గడ్డి మీద ఒక జానెడు జారాయి. అవతల, మంచులో, గెలుపు గీత వైపు.

ఎమెట్ వెనకనుంచి నా నడుం గట్టిగా పట్టుకున్నాడు. “వదిలెయ్, ఆల్వా. వదిలెయ్.”

అప్పటికే నా వేళ్లు తెరిచి ఉన్నాయి. పిడే నన్ను వదల్లేదు.