కొక్కేల మీద రంగు

"అంత పెద్ద ఓడ గాల్లో కలిసిపోయిందంటే నమ్మమంటావా?" చీఫ్ బల్ల గుద్దాడు.

గద్ద ఫైలు తెరిచాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ అదే.

"మిస్సైల్ గైడెన్స్ యూనిట్లతో బయల్దేరిన కార్గో షిప్. ఎస్.ఓ.ఎస్. లేదు, ఒక్క చెక్కముక్క తేలలేదు. కానీ రేవు బయట కొత్త పేరుతో, కొత్త రంగుతో ఓ ఓడ లంగరేసింది. దాంట్లో మన ఏజెంట్ ఒకామె ఉంది. నువ్వు పోర్ట్ డాక్టర్‌వి. బయల్దేరు."

"సార్, పోయిన ఓడలో వంటవాడు మా బావ."

"తెలుసు. అందుకే నిన్ను పంపకూడదనుకున్నా. కానీ వేరే దిక్కు లేదు."

అక్క ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు గద్ద చెవుల్లో ఇంకా గింగురుమంటోంది.

మిట్టమధ్యాహ్నం తెల్లకోటు, పెట్టుడు మీసంతో ఓడెక్కాడు. డెక్కంతా ఒకటే రంగు వాసన. రెయిలింగులు, పైపులు, ఆఖరికి లైఫ్‌బోట్‌ని దించే కొక్కేలు కూడా తళతళలాడుతున్నాయి. ఓడలో పనిచేసినవాడెవడూ కొక్కేలకి రంగు పూయడు, గ్రీజు పూస్తాడు. బావ నోట వందసార్లు విన్నమాట! వీళ్లు అసలు నావికులే కారు.

నల్లకళ్లద్దాల సుందరి ఎదురొచ్చింది. "దగ్గు మందుందా డాక్టర్?"

"ఉంది. చాలా చేదు."

కోడ్ కలిసింది. "అసలు సిబ్బంది కింద మూడో హోల్డ్‌లో, సరుకుగదిలో ఉన్నారు," అని గొణిగి వెళ్లిపోయింది.

గద్ద స్టెతస్కోప్‌ని హోల్డ్ మూత మీద ఆనించాడు. ఉక్కు అవతలి చీమ చిటుక్కుమన్నా వినిపించే పరికరం అది. కింద ఎవరో గరిటెతో ఇనుముని బాదుతున్నారు. బావే! గద్దకి ప్రాణం లేచొచ్చింది.

"ఓడకేం జబ్బు డాక్టర్?"

వెనక పిస్టల్. ముఠా నాయకుడు, కమాండర్. మీసం పీకి, గద్దని రెయిలింగ్‌కి బేడీలతో బిగించాడు.

"యూనిట్లు లైఫ్‌బోట్‌లోకి చేరాయి. ఇంజన్ రూమ్‌లో టైమ్ బాంబు పెట్టాను. పోయిందనుకున్న ఓడ ఇప్పుడు నిజంగానే పోతుంది. పద, మేడమ్!"

నల్లకళ్లద్దాల సుందరి వెనక్కి కూడా చూడకుండా పడవెక్కింది. గద్ద బేడీలు గుంజాడు. ఛ, ఇంతకీ ఈవిడ ఎవరి మనిషి?

కమాండర్ లీవర్ లాగాడు. పడవ కదల్లేదు. తన్నాడు, సుత్తితో కొట్టాడు. కొక్కేల సందుల్లోకి దిగి ఆరిన రంగు గట్టిగా పట్టేసింది. ముఠావాళ్లు చెప్పాపెట్టకుండా సముద్రంలోకి దూకేశారు.

"మీరూ దూకండి," అంది మేడమ్.

"నాకు ఈత రాదు!"

ఓడనే ఎత్తుకొచ్చిన మొనగాడికి ఈత రాదట! కత్తివేటుకు నెత్తురుచుక్క లేని మొహంతో బాంబు ఆపడానికి ఇంజన్ రూమ్‌కి పరిగెత్తాడు. మేడమ్ తన దగ్గరున్న మారు తాళంచెవితో బేడీలు విప్పి, తన పిస్టల్ గద్ద చేతిలో పెట్టింది. అతను కమాండర్ వెంటపడ్డాడు. కమాండర్ గబగబా వైరు తెంపాడు. గడియారం ఆఖరి సెకను దగ్గర ఆగిపోయింది.

"చాలా థాంక్స్," గద్ద పిస్టల్ ఎక్కుపెట్టాడు. "ఇక చేతులెత్తు."

హోల్డ్ తెరిచాక బావ గరిటెతో సహా పైకొచ్చాడు. గద్ద అతన్ని వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. బావ మాత్రం బామ్మర్ది భుజం మీదుగా లైఫ్‌బోట్ వైపే చూస్తున్నాడు.

"కొక్కేలకి రంగు పూసిన వెధవెవడ్రా?"

మేడమ్ నల్లకళ్లద్దాలు తీసింది. "నేనే పూయించానండీ. ఎందుకైనా మంచిదని రెండోసారి కూడా."