రాత్రిళ్ళు తిరిగే మనిషి

"సాయంత్రంలోగా మా ఆయన్ని ఊళ్ళోంచి తరిమేస్తారటమ్మా. ఇల్లు తగలబెడతారట!" కిసుము పట్నంలో డిటెక్టివ్ నెరియా ఆఫీసుకొచ్చిన రోజ్‌బెలా కుర్చీలో కూడా కూర్చోకుండా ఏడ్చేసింది.

ఆమె భర్త ఒదీరా. నిరుడు మోటారుసైకిలు గుద్ది తల పగిలింది. ప్రాణం దక్కింది గానీ నిద్ర తలకిందులైంది. పగలంతా మొద్దులా పడుకుంటాడు, రాత్రంతా సరస్సు ఒడ్డున తిరుగుతాడు. ఊరికి ఇంకేం కావాలి? జజువోక్ అన్నారు, చీకట్లో తిరిగే మంత్రగాడన్నారు. పున్నమి వెన్నెల్లో దీపాలకి చేపలు రావని పడవలు కదలని రాత్రి గడిచి తెల్లారేసరికి ఒగోలా అనే జాలరి చేపలవల తెగి ఉంది. ఇక విచారణ దేనికి, కర్రలు తీశారు.

నెరియా, ఆమె సహాయకుడు దల్మాస్ మధ్యాహ్నానికి ఆ ఊరి రేవు చేరి ఒదీరా ఇంటికెళ్ళారు. దల్మాస్ ఎంత కుదిపినా ఒదీరా గురక ఆపలేదు. గుమ్మంలో జనం చూస్తూనే ఉన్నారు.

నెరియా వల పరిపించింది. మనిషి పొడవున ఒకటే కోత.

"రాత్రి ఇదెక్కడుంది?"

"మడిచి, తాడు కట్టి, నా పడవలో," అన్నాడు ఒగోలా. "పొద్దున కట్టిన తాడు కట్టినట్టే ఉంది. విప్పితే ఇదీ!"

"మడిచిందెవరు?"

"నేనే." ఒదీరా అన్న వసోంగా ముందుకొచ్చాడు. "నిన్న ఎండేసిందీ, కాపలా ఉందీ, మడిచిందీ నేనొక్కణ్ణే. ఆ దరిద్రుడు నా తమ్ముడని చెప్పుకోడానికి సిగ్గేస్తోంది."

"వాణ్ణి తరిమేస్తే వాడి ఒడ్డు భూమి ఎవరిది?"

"ఆయనదే," అంటూ వసోంగాని చూపించింది రోజ్‌బెలా.

నెరియా అందర్నీ దగ్గరికి రమ్మంది. పాత వలముక్క మడతపెట్టి చాకుతో ఒక్క వేటు వేసి విప్పింది. అన్నిచోట్లా చిల్లులే.

"మడిచిన వల కోస్తే ఇలా ఉంటుంది. ఒగోలా వలకి ఒకటే కోత. ఇసక మీద పరిచి ఉన్నప్పుడు, ఎండలో కోశారు. ఎండలో ఒదీరా ఎలా ఉంటాడో ఇందాక చూశారుగా! తలకి దెబ్బ తగిలితే రాత్రీ పగలూ చెప్పే లోపలి గడియారం చెడిపోవచ్చు. అది జబ్బయ్యా, మంత్రం కాదు. మీ బుర్రలకి ఆ మాత్రం తట్టలేదూ?" ఆమె వసోంగా వైపు తిరిగింది. "వసోంగా, ఇంత కోత మడిచేటప్పుడు నీ కళ్ళకి ఆనలేదా?"

"పగలంతా పడుకునేవాడికి భూమెందుకు?" అరిచాడు వసోంగా.

కర్రలు వసోంగా వైపు తిరిగాయి.

"పడేయండి కింద!" కసిరింది నెరియా. దల్మాస్ వసోంగా చెయ్యి పట్టుకుని పోలీసుల దగ్గరికి నడిపించాడు.

ఒగోలా తల దించుకున్నాడు. "తప్పైపోయిందమ్మా రోజ్‌బెలా."

"నాకెందుకు చెప్తారు? ఆయన లేచాక, చీకటి పడ్డాక, ఆయన మొహం చూసి చెప్పండి. దమ్ముందా?"

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఒగోలా మాత్రం ఒదీరా గుమ్మంలో చతికిలబడి, పొద్దు గూకేదాకా అక్కడే కూర్చున్నాడు.